హాప్టిక్ మోటారు డ్రైవరు

హాప్టిక్ మోటారు డ్రైవరు అనగా చేతిఫోను, చేతిగడియారం, వీడియో ఆటల కంట్రోలరు వంటి పరికరాలలో ఉండే చిన్న కంపన మోటారును నడిపే ఎలక్ట్రానిక్ వలయం. ఇది సాధారణంగా కొన్ని చదరపు మిల్లీమీటర్ల వైశాల్యం గల సమీకృత వలయం (చిప్పు) రూపంలో ఉంటుంది. పరికరంలోని ప్రాసెసరు నుండి వచ్చిన ఆదేశాన్ని మోటారుకు తగిన విద్యుత్ తరంగంగా మార్చడం, మోటారును త్వరగా కదిలించడం, పని పూర్తి కాగానే అంతే త్వరగా ఆపడం దీని ముఖ్య విధులు. ఇలా వాడుకరి వేలికి లేదా మణికట్టుకు తెలిసే స్పందనను స్పర్శ ప్రతిస్పందన అంటారు. "హాప్టిక్" అనే మాటకు మూలం "తాకుట" అనే అర్థం గల గ్రీకు పదం.

మోటారు ఒక్కటే ఉన్నా పరికరం కంపిస్తుంది. అయితే ఆ కంపనం నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగుతుంది కనుక, మీట నొక్కినట్లు కాక తుమ్మెద ఝుంకారంలా అనిపిస్తుంది. దానిని స్పష్టమైన ఒక "తట్టు"గా మార్చేది డ్రైవరు. ఈ వ్యాసంలో చర్మం కంపనాన్ని ఎలా గుర్తిస్తుంది, మోటార్లు ఎన్ని రకాలు, డ్రైవరు వాటిని ఎలా అదుపు చేస్తుంది అనే విషయాలు వివరించబడ్డాయి.

అవసరం

పాత టైపురైటరు మీటను గాని, మీటలున్న ఫోనును గాని నొక్కినప్పుడు వేలి కింద మీట దిగి, ఒకచోట ఆగి, తిరిగి పైకి లేస్తుంది. అక్షరం పడిందని కంటితో చూడకుండానే వేలికి తెలుస్తుంది. 2007లో ఆపిల్ సంస్థ ఐఫోను విడుదల చేసిన తరువాత కొద్ది సంవత్సరాలలోనే మీటలున్న ఫోనుల స్థానాన్ని అద్దపు తెర ఫోనులు ఆక్రమించాయి. అద్దం మీద ఏ అక్షరాన్ని తాకినా వేలికి ఒకే నునుపు తగులుతుంది. వేలు తాకినది సరైన చోటో కాదో కన్ను మాత్రమే చెప్పాలి. కన్ను ఆ పని చేయలేని చోట, అనగా చూపు లేనివారి విషయంలోను, దారి మీద చూపు నిలపవలసిన వాహన చోదకుల విషయంలోను, ఇది పెద్ద లోటు.

తెలుగు టైపు చేసేవారికి ఈ లోటు మరింత బాగా తెలుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని 6 మీటలు వరుసగా నొక్కాలి. వీటిలో ఒక పొల్లు పడకపోయినా వేరే మాట తయారవుతుంది. మీట పడిన ప్రతిసారీ వేలికి ఒక చిన్న తట్టు తెలిస్తే ఇటువంటి పొరపాట్లను అక్కడికక్కడే పసిగట్టవచ్చు.

చర్మం కంపనాన్ని గుర్తించే తీరు

వెంట్రుకలు లేని అరచేతి చర్మంలో స్పర్శను గుర్తించే గ్రాహకాలు ప్రధానంగా నాలుగు రకాలు. మెర్కెల్ కణాలు నిలకడగా ఉన్న ఒత్తిడిని, రుఫిని గ్రాహకాలు చర్మం సాగడాన్ని గుర్తిస్తాయి. మీస్నర్ గ్రాహకాలు సుమారు 10 నుండి 50 హెర్ట్జ్ వరకు ఉండే మందమైన కంపనాలకు స్పందిస్తాయి. చర్మం లోపలి పొరలలో ఉండే పచీని గ్రాహకాలు వేగవంతమైన కంపనాలకు స్పందిస్తాయి. ఇవి 200 నుండి 300 హెర్ట్జ్ మధ్య అత్యంత సున్నితంగా ఉంటాయి. ఆ పౌనఃపున్యం వద్ద ఒక మైక్రోమీటరు కంటే తక్కువ కదలికను కూడా ఇవి పసిగట్టగలవు. ఇటలీకి చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫిలిప్పో పచీని (1812–1883) పేరు మీదుగా వీటికి ఆ పేరు వచ్చింది.

పచీని గ్రాహకానికి మరొక లక్షణం ఉంది. దానిమీద ఒత్తిడి పడిన క్షణంలోను, ఆ ఒత్తిడి తొలగిన క్షణంలోను అది నాడీ సంకేతాన్ని పంపుతుంది. మధ్యలో ఒత్తిడి మారకుండా నిలిచి ఉన్నంతసేపు మౌనంగా ఉంటుంది. అంటే మార్పే దానికి వార్త. కనుకనే మొదలు, ముగింపు స్పష్టంగా ఉన్న కంపనం చిన్నదైనా వేలికి బాగా తెలుస్తుంది. మొదలు, ముగింపు అలుక్కుపోయిన కంపనం పెద్దదైనా గజిబిజిగా ఉంటుంది.

చరిత్ర

విమానం రెక్కల మీద ఎత్తుబలం తగ్గిపోయే ప్రమాదం ఏర్పడినప్పుడు పైలట్ చేతిలోని నియంత్రణ దండాన్ని వణికించి హెచ్చరించే సాధనం స్పర్శ ప్రతిస్పందనకు పాత ఉదాహరణలలో ఒకటి. ఇందులో ఒక పక్కకు బరువు ఉన్న మోటారును వాడతారు.

అంధులకు అచ్చుపుస్తకాలు చదివే వీలు కల్పించిన ఆప్టకాన్ అనే యంత్రం 1971లో మార్కెట్టుకు వచ్చింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ లిన్‌విల్, చూపులేని తన కుమార్తె కోసం దీనిని తలపెట్టాడు. జేమ్స్ బ్లిస్ ఆయనతో కలిసి పనిచేశాడు. చదివేవారు ఒక చేత్తో చిన్న కెమెరాను అచ్చు పంక్తి మీద జరుపుతూ, రెండవ చేతి చూపుడువేలును 144 సన్నని కడ్డీల (24 × 6) మీద ఉంచుతారు. కెమెరా చూసిన అక్షరం ఆకారంలో ఆ కడ్డీలు కంపిస్తాయి. ఈ యంత్రం తయారీ 1996లో ఆగిపోయింది.

1996లో వచ్చిన మోటరోలా స్టార్‌టాక్, కంపనంతో పిలుపును తెలిపే తొలి చేతిఫోనులలో ఒకటి. 1997లో నింటెండో సంస్థ రంబుల్ ప్యాక్‌ను, సోనీ సంస్థ డ్యూయల్‌షాక్ కంట్రోలరును విడుదల చేశాయి. స్పర్శ సాంకేతికతలో పేటెంట్లు గల ఇమ్మర్షన్ సంస్థ 2002లో సోనీ మీద దావా వేసింది. ఈ వివాదం 2007లో రాజీతో ముగిసింది. 2006లో ప్లేస్టేషన్ 3తో పాటు వచ్చిన కంట్రోలరులో కంపనం లేదు. 2007లో వచ్చిన డ్యూయల్‌షాక్ 3తో అది తిరిగి వచ్చింది.

2015లో ఆపిల్ సంస్థ మ్యాక్‌బుక్ కంప్యూటర్లలో కదలని ట్రాక్‌ప్యాడును ప్రవేశపెట్టింది. దానిని నొక్కినప్పుడు పలక కిందికి దిగదు. లోపలి విద్యుదయస్కాంతాలు దానిని పక్కకు అతి స్వల్పంగా కదిలిస్తాయి. ఆ కదలికనే వేలు "మీట దిగింది" అని భావిస్తుంది. కంప్యూటరును పూర్తిగా ఆపివేసి అదే పలకను నొక్కితే వేలికి ఏమీ తెలియదు. 2016లో వచ్చిన ఐఫోన్ 7లోని హోమ్ బటన్ కూడా ఇటువంటిదే.

కంపన మోటార్లలో రకాలు

ఉత్కేంద్ర భార మోటారు: ఇది చిన్న ఏకముఖ విద్యుత్ మోటారు. దీని ఇరుసుకు ఒక పక్కకు మాత్రమే బరువు ఉంటుంది. తిరిగేటప్పుడు ఆ బరువు మోటారును అన్ని వైపులకు లాగుతుంది. బట్టలు ఒక పక్కకు పోగుపడిన వాషింగ్ మెషీను తిరిగేటప్పుడు అదిరిపోవడం ఈ సూత్రం వల్లనే. ఈ మోటారు చవకైనది, నడపడం సులభం. అయితే ఇది పూర్తి వేగం అందుకోవడానికి సుమారు 50 నుండి 100 మిల్లీసెకన్లు పడుతుంది. పైగా దీని కంపన బలం, పౌనఃపున్యం రెండూ తిరిగే వేగం మీదే ఆధారపడతాయి కనుక, ఒకదానిని మార్చి రెండవదానిని మార్చకుండా ఉంచడం సాధ్యం కాదు.

సరళ అనునాద మోటారు: ఇందులో తిరిగే భాగం లేదు. స్ప్రింగుకు అమర్చిన ఒక చిన్న భారం, తీగచుట్ట, అయస్కాంతం ఉంటాయి. తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహిస్తే భారం ఒకే గీత వెంట ముందుకు, వెనుకకు కదులుతుంది. స్ప్రింగు బిగువు, భారం ద్రవ్యరాశి కలిసి దీని సహజ పౌనఃపున్యాన్ని నిర్ణయిస్తాయి. అది సాధారణంగా 150 నుండి 235 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. పచీని గ్రాహకాలు బాగా గుర్తించే పరిధికి ఇది దగ్గరగా ఉండడం గమనించదగినది.

పీజో విద్యుత్ చాలకం: కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుత్తు పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. వాటికి విద్యుత్తును అందిస్తే ఆకారం స్వల్పంగా మారడం దీనికి విలోమ ప్రక్రియ. ఈ చాలకాలు కొద్ది మిల్లీసెకన్లలోనే స్పందిస్తాయి. అయితే వీటికి 50 నుండి 200 వోల్టుల వరకు వోల్టేజి అవసరం కనుక, బ్యాటరీలోని 3.7 వోల్టులను ఆ స్థాయికి పెంచే వలయం డ్రైవరులోనే ఉండాలి.

ఒక లెక్క

ఉత్కేంద్ర భార మోటారు పుట్టించే బలాన్ని కింది సూత్రంతో లెక్కించవచ్చు.

బలం = ద్రవ్యరాశి × వ్యాసార్ధం × కోణీయ వేగపు వర్గం

ఉదాహరణకు 0.5 గ్రాము బరువు, ఇరుసుకు 1 మిల్లీమీటరు దూరంలో, నిమిషానికి 12,000 చుట్లు (సెకనుకు 200 చుట్లు) తిరుగుతుందని అనుకుందాం. కోణీయ వేగం సెకనుకు సుమారు 1,257 రేడియన్లు. అప్పుడు బలం సుమారు 0.79 న్యూటన్లు. అంటే అర గ్రాము బరువు దాదాపు 80 గ్రాముల బరువంత బలంతో ఫోనును లాగుతుంది. వేగం సగానికి తగ్గితే బలం నాలుగవ వంతుకు, అనగా 20 గ్రాముల స్థాయికి పడిపోతుంది.

ఈ మోటారు 160 గ్రాముల ఫోనులో ఉంటే, ఫోను అటూ ఇటూ సుమారు 3 మైక్రోమీటర్లు కదులుతుంది. ఇది మనిషి తల వెంట్రుక మందంలో సుమారు ఇరవయ్యవ వంతు. కంటికి ఏమాత్రం కనపడని ఈ కదలిక చేతికి స్పష్టంగా తెలియడానికి కారణం పచీని గ్రాహకాల సున్నితత్వమే.

ఇప్పుడు కాలాన్ని లెక్కిద్దాం. ఒకరు సెకనుకు 5 అక్షరాలు టైపు చేస్తే ఒక్కొక్క అక్షరానికి 200 మిల్లీసెకన్లు లభిస్తాయి. మోటారు వేగం అందుకోవడానికి 80, తనంతట తాను ఆగడానికి మరో 100 మిల్లీసెకన్లు తీసుకుంటే, ఒక అక్షరం తాలూకు కంపనం ముగిసేసరికి తరువాతి అక్షరం తాలూకు కంపనం మొదలవుతుంది. విడివిడి తట్టులు కలిసిపోయి ఒకే రొదగా మారతాయి. మోటారును ఎంత బలమైనదిగా మార్చినా ఈ సమస్య తీరదు. దాని మొదలును, ముగింపును కుదించాలి.

డ్రైవరు పని చేయు విధానం

ప్రవాహాన్ని అందించుట: మైక్రోకంట్రోలరు కాలి ఒకటి సాధారణంగా 20 మిల్లీఆంపియర్ల స్థాయి ప్రవాహాన్ని మాత్రమే ఇవ్వగలదు. కంపన మోటారుకు అంతకంటే ఎన్నో రెట్లు కావాలి. పైగా మోటారు ఆగేటప్పుడు దాని తీగచుట్టలో పుట్టే వోల్టేజి మైక్రోకంట్రోలరును దెబ్బతీయవచ్చు. డ్రైవరు ఈ రెండింటి మధ్య నిలిచి, బ్యాటరీ నుండి నేరుగా ప్రవాహాన్ని అందిస్తుంది.

దిశను మార్చుట: డ్రైవరులో నాలుగు ట్రాన్సిస్టర్ స్విచ్చులు వంతెనలా అమర్చబడి ఉంటాయి. ఎదురెదురు మూలల్లో ఉన్న జంటను మూసినప్పుడు ప్రవాహం ఒక దిశలో, రెండవ జంటను మూసినప్పుడు వ్యతిరేక దిశలో సాగుతుంది. సరళ అనునాద మోటారుకు కావలసిన ఏకాంతర విద్యుత్తును బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తు నుండి తయారు చేయడం ఈ అమరిక వల్లనే సాధ్యమవుతుంది.

అధిక వోల్టేజితో ఆరంభం: నిలిచి ఉన్న బండిని కదిలించడానికి మొదట గట్టిగా తోయాలి, కదిలిన తరువాత కొద్దిపాటి బలం చాలు. అదే విధంగా డ్రైవరు మొదటి కొన్ని మిల్లీసెకన్లు మోటారుకు దాని నియమిత వోల్టేజి కంటే ఎక్కువ ఇచ్చి, వేగం అందుకోగానే నియమిత స్థాయికి తగ్గిస్తుంది. వ్యవధి చాలా తక్కువ కనుక తీగచుట్ట వేడెక్కి పాడవదు.

ఎదురు బ్రేకు: ఊగుతున్న ఉయ్యాలను తోయడం మానినంత మాత్రాన అది ఆగదు. ఆపాలంటే అది మన వైపు వచ్చేటప్పుడు ఎదురుగా చేయి అడ్డం పెట్టాలి. డ్రైవరు కూడా కంపనాన్ని ముగించవలసి వచ్చినప్పుడు ప్రవాహాన్ని ఆపివేసి ఊరుకోక, దానిని వ్యతిరేక దిశలో పంపుతుంది. ఈ ఎదురు ప్రవాహం ముందే ఆగిపోతే కొంత కంపనం మిగిలిపోతుంది. అవసరానికి మించి సాగితే మోటారు వెనుకకు తిరగడం మొదలుపెట్టి మళ్ళీ కంపిస్తుంది. కనుక మోటారు ఎప్పుడు ఆగిందో డ్రైవరుకు తెలియాలి.

మోటారు స్థితిని తెలుసుకొనుట: 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇక్కడ అక్కరకు వస్తుంది. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదిలితే దానిలో వోల్టేజి పుడుతుంది. దీనిని వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం అంటారు. ఇది కదలిక వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. డ్రైవరు క్షణకాలం ప్రవాహాన్ని ఆపి, ఆ విరామంలో మోటారు కొసల మధ్య ఉన్న ఈ వోల్టేజిని కొలుస్తుంది. ఆ క్షణంలో మోటారు చిన్న జనరేటరుగా మారి తన వేగాన్ని తానే చెబుతుంది. దీనికోసం వేరే సెన్సారు అవసరం లేదు.

అనునాదాన్ని వెంబడించుట: ఉయ్యాలను దాని ఊపుకు తగినట్లు తోస్తే చిన్నపిల్లలైనా పెద్దవారిని ఊపగలరు. లయ తప్పితే ఎంత బలం ఉన్నా ఊగదు. సరళ అనునాద మోటారు కూడా అంతే. సహజ పౌనఃపున్యం 175 హెర్ట్జ్ ఉన్న మోటారును కొన్ని హెర్ట్జ్ తేడాతో నడిపినా కంపనం బాగా తగ్గిపోతుంది. తయారీలోని తేడాలు, ఉష్ణోగ్రత, స్ప్రింగు అరుగుదల, ఫోనును పట్టుకున్న తీరు వలన సహజ పౌనఃపున్యం కొద్దిగా మారుతూ ఉంటుంది. భారం ఒక కొసకు చేరి వెనుదిరిగే క్షణంలో దాని వేగం సున్నా, కనుక పుట్టే వోల్టేజి కూడా సున్నా. డ్రైవరు ఆ క్షణాన్ని పట్టుకొని, సరిగ్గా అప్పుడే తరువాతి తోపును అందిస్తుంది. ఇలా చేయడం వలన తక్కువ విద్యుత్తుతో ఎక్కువ కంపనం లభించి, బ్యాటరీ ఖర్చు కూడా తగ్గుతుంది.

ఉదాహరణ: డీఆర్‌వీ2605

అమెరికాకు చెందిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసిన డీఆర్‌వీ2605 ఈ కోవలో విద్యార్థులకు, అభిరుచితో పరికరాలు తయారుచేసేవారికి బాగా పరిచితమైన చిప్పు. ఇది ఉత్కేంద్ర భార మోటార్లను, సరళ అనునాద మోటార్లను కూడా నడపగలదు. ఇమ్మర్షన్ సంస్థ నుండి లైసెన్సు పొందిన 123 కంపన నమూనాలు దీనిలోనే భద్రపరచబడి ఉంటాయి. 1వ నమూనా బలమైన ఒక తట్టు, 10వది జంట తట్టు, 12వది మూడు తట్టులు, 16వది ఒక సెకను పాటు సాగే హెచ్చరిక.

మైక్రోకంట్రోలరు ఐ2సీ అనే రెండు తీగల పద్ధతిలో దీనితో సంభాషిస్తుంది. చిప్పు చిరునామా దశాంశ మానంలో 90. వాడే క్రమం స్థూలంగా ఇలా ఉంటుంది.

1. మోటారు రకాన్ని, దాని నియమిత వోల్టేజిని, అనుమతించదగిన గరిష్ఠ వోల్టేజిని చిప్పుకు తెలపాలి.
2. స్వయం సవరణను ప్రారంభించాలి. చిప్పు ఒక సెకనుకు అటూ ఇటూగా మోటారును నడిపి చూసి, దాని స్వభావాన్ని గుర్తుంచుకుంటుంది.
3. కావలసిన నమూనాల సంఖ్యలను వరుస స్థానాలలో రాయాలి. ఇటువంటి స్థానాలు 8 ఉన్నాయి.
4. ప్రారంభించమనే ఆదేశం ఇవ్వాలి. ఆ తరువాత మోటారును కదిలించడం, ఆపడం అన్నీ చిప్పే చూసుకుంటుంది.

రెండవ మెట్టును వదిలివేయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. అప్పుడు చిప్పు తనకు తెలియని మోటారును ఊహతో నడుపుతుంది. తట్టు మెత్తబడుతుంది, బ్రేకు గురి తప్పుతుంది. అలాగే మోటారును పరికరం చట్రానికి గట్టిగా అతికించాలి. వదులుగా ఉంటే దాని శక్తి చేతికి చేరక గలగల శబ్దంగా మారిపోతుంది.

ఉపయోగాలు

చూపు లేనివారు తెర మీద వేలు జరుపుతున్నప్పుడు ఏ అంశం మీద వేలు ఉన్నదో మాటలతోను, కంపనంతోను తెలిపే సదుపాయం ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ పేరుతో లభిస్తున్నది. ఆపిల్ వాచ్‌లో మణికట్టు మీద తట్టుల ద్వారా వేళను తెలిపే పద్ధతి ఉంది. దాని ఒక అమరికలో ప్రతి 10 గంటలకు ఒక పొడవైన తట్టు, మిగిలిన ప్రతి గంటకు ఒక పొట్టి తట్టు, తరువాత ప్రతి 10 నిమిషాలకు ఒక పొడవైన తట్టు, మిగిలిన ప్రతి నిమిషానికి ఒక పొట్టి తట్టు వస్తాయి. 3 గంటల 24 నిమిషాలను తెలపాలంటే 3 పొట్టి, 2 పొడవు, 4 పొట్టి తట్టులు వస్తాయన్నమాట. వాచీని చూడలేని వ్యక్తి, శబ్దం చేయకూడని సభలో కూడా వేళ తెలుసుకోవచ్చు. రెండు పొట్టి తట్టులు కలిసిపోయినా, పొట్టిది సాగి పొడవైనదిగా తోచినా వేళ తప్పుతుంది. తట్టును సకాలంలో ఆపే డ్రైవరు విలువ ఇక్కడ స్పష్టమవుతుంది.

వినికిడి లేనివారికి పిలుపులను, అలారాలను తెలపడం, వాహనాల తాకుతెరల మీద మీటల స్పర్శ కల్పించడం, వీడియో ఆటలలో నేల గరుకుదనాన్ని, వాన చినుకులను అనుభవానికి తేవడం ఇతర ఉపయోగాలు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్, 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 కంట్రోలర్లు ఈ చివరి కోవకు చెందినవి.

పరిమితులు

ఫోనులోని మోటారు ఒక్కటే కనుక, వేలు తాకిన చోటు మాత్రమే కాక ఫోను మొత్తం కదులుతుంది. తెర మీద ఒక మీట అంచు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో ఇది చెప్పలేదు. వేలు తాకిన తరువాత "తాకావు" అని మాత్రమే చెప్పగలదు. బ్రెయిలీ చుక్కల వలె చదివించే శక్తి దీనికి లేదు. మధుమేహం వంటి కారణాల వలన వేళ్ళలో స్పర్శ తగ్గినవారికి మామూలు స్థాయి కంపనం సరిపోకపోవచ్చు. ఫోను కంపించకపోయినా కంపించినట్లు తోచడం కూడా వాడుకరులలో కనిపించే అనుభవమే. అనవసరమైన ప్రతి సందర్భంలోను కంపనాన్ని వాడితే బ్యాటరీ వృథా కావడమే కాక, చేయి దానికి అలవాటుపడి ముఖ్యమైన హెచ్చరికను కూడా పట్టించుకోదు. అందువలన పరికరాల రూపకర్తలు ప్రతి తట్టుకు ఒక నిర్దిష్టమైన అర్థం ఉండేలా చూడడం, కంపన బలాన్ని తగ్గించుకునే, పెంచుకునే వీలు వాడుకరికి కల్పించడం అవసరం.